నడివయసులో బీకాం: ఏప్రిల్ నుంచి మార్చి దాకా

ముప్పై అయిదేళ్లకో, నలభై దాటాకో బీకాం పూర్తి చేయడం ఈనాడు అసాధ్యమేమీ కాదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూనే చదువుకునేవారి కోసం 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పట్టా చేతికొచ్చాక ఎదురయ్యే ప్రశ్న మరొకటి: ఈ వయసులో అకౌంట్స్ పనిలోకి ఏ దారిన వెళ్లాలి?

ముందుగా వయోపరిమితి సంగతి. ప్రభుత్వ, బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లో చాలావాటికి గరిష్ఠ వయసు ఉంటుంది. సీఏ కోర్సుకు లేదు. బీకాంలో కనీసం 55 శాతం మార్కులున్నవారు ఫౌండేషన్ పరీక్షతో పనిలేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు.

అయితే ఆ కోర్సులో ఆర్టికల్‌షిప్ తప్పనిసరి. అంటే ఒక సీఏ దగ్గర శిక్షణ పొందడం. 2023లో వచ్చిన విధానం ప్రకారం అది రెండేళ్లు. ఆ కాలంలో చేతికి అందేది స్టైపెండ్ మాత్రమే. కాబట్టి పిల్లల ఫీజులు కట్టవలసినవారు లెక్క వేసుకోవలసింది తమ వయసును కాదు, ఆ రెండేళ్ల ఇంటి ఖర్చును.

అది కుదరనివారికి ఆడిటర్ ఆఫీసులు, చిన్న వ్యాపార సంస్థలు ఉన్నాయి. అక్కడ మొదటి జీతం తక్కువే ఉండవచ్చు. అందుకే రెండు చోట్ల అవకాశం వచ్చినప్పుడు జీతంలో ఉన్న కొద్ది తేడా కన్నా, ఏప్రిల్ నుంచి మార్చి దాకా జరిగే పనంతా ఎక్కడ మన చేతుల మీదుగా సాగుతుందో చూడడం మేలు.

ఎందుకంటే ఈ పనికి ఒక క్రమం ఉంది. ముందటి నెలలో మినహాయించిన టీడీఎస్‌ను, అంటే చెల్లింపు సమయంలోనే పట్టి ఉంచే పన్నును, సాధారణంగా 7వ తేదీలోగా కట్టాలి. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారి అమ్మకాల వివరాలను 11లోగా జీఎస్‌టీఆర్-1లో చూపాలి, 20లోగా జీఎస్‌టీఆర్-3బీ వేసి పన్ను చెల్లించాలి.

ఈ తేదీల మధ్యే అసలు పని నడుస్తుంది. లక్ష రూపాయల సరుకు కొంటే 18 శాతం చొప్పున 18,000 పన్ను పడిందనుకుందాం. కొన్నవాడు తాను కట్టవలసిన జీఎస్‌టీలోంచి దాన్ని తగ్గించుకోవచ్చు. దీన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. కానీ అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్నులో చూపకపోతే, 14వ తేదీన తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీ పట్టికలో అది కనిపించదు. కనిపించనంత వరకు క్రెడిట్ రాదు.

టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నమోదైన కొనుగోళ్లను ఆ పట్టికతో సరిచూస్తే ఏ బిల్లు తప్పిపోయిందో తెలుస్తుంది. ఆపైన అమ్మిన వ్యాపారికి ఫోన్ చేయాలి, సంబంధం చెడకుండా గట్టిగా అడగాలి, మళ్లీ గుర్తు చేయాలి. దుకాణం నడిపినవారికి, సరుకు లావాదేవీలు చూసినవారికి, సంఘం పద్దులు రాసినవారికి ఈ మాటతీరు అలవాటే. బయోడేటాలో ఆ అనుభవాన్ని ఖాళీ సంవత్సరాలుగా వదిలేయకూడదు. ఏ పద్దులు చూశారో, ఎంతమందితో వ్యవహరించారో స్పష్టంగా రాయాలి.

ఏడాది చివర మిగిలిన పాఠాలు వస్తాయి. మార్చి 31 నాటి సరుకు నిల్వ లెక్క, తరుగుదల, ఇంకా చెల్లించని ఖర్చులు, చివరికి బ్యాలెన్స్ షీటు. కాలేజీ పుస్తకంలో విడివిడి అధ్యాయాలుగా చదివినవి ఇక్కడ ఒకే వ్యాపారపు లెక్కలో కలుస్తాయి. ఏడాది మధ్యలో మానేస్తే ఈ భాగం అందదు.

కనుక ఇంటర్వ్యూలో జీతంతో పాటు మూడు సంగతులు అడగాలి. బ్యాంకు స్టేట్‌మెంటును పుస్తకాలతో సరిచూసే పని ఇస్తారా? రిటర్నుల తయారీలో కూర్చోబెడతారా? సంవత్సరాంతపు పద్దులు ముగించేటప్పుడు పక్కన ఉండనిస్తారా? మూడింటికీ అవునన్న చోట ఒక ఆర్థిక సంవత్సరం పూర్తి చేసినవారు తర్వాతి ఉద్యోగానికి వెళ్లినప్పుడు, వయసు గురించి సంజాయిషీ చెప్పే బదులు చేసిన పని గురించి చెప్పగలుగుతారు.