కొండకొక న్యాయం, పల్లానికొక న్యాయం

పాతపట్నం సంతకు దిగివచ్చే సవర క్రైస్తవుడి సంచిలో బైబిలు ఉంటే అది ఎవరికీ విశేషం కాదు. అతని పేరు పౌలైనా, దావీదైనా ఎస్టీ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఆ పేరును దాచుకోనక్కరలేదు. అదే సంతలో అతని పక్కన నిలబడి బేరమాడే మాల, పైడి, రెల్లి కుటుంబాల విశ్వాసికి మాత్రం చాలాసార్లు రెండు పేర్లుంటాయి. ఒకటి మందిరంలో పిలిచేది, మరొకటి రికార్డులో రాసేది. ఇద్దరూ ఆరాధించేది ఒకే దేవుణ్ణి. మొదటివాడి ఆరాధన అతని సొంత విషయం. రెండోవాడి ఆరాధన ఏనాడైనా అతనికే ఎదురుతిరగగల సాక్ష్యం.

ఈ తేడా మనుషుల స్వభావంలోంచి పుట్టలేదు, 1950లో వెలువడిన రెండు రాష్ట్రపతి ఉత్తర్వులలోంచి పుట్టింది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం ప్రసక్తి లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడవ పేరా మాత్రం హిందువు కానివారెవరూ షెడ్యూల్డ్ కులస్థులు కారని చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గడప తెరుచుకుంది. క్రైస్తవులకూ ముస్లింలకూ నేటికీ తెరుచుకోలేదు.

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్టణానికి పర్లాకిమిడి కూతవేటు దూరం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసింది అక్కడే. కెనడా బాప్టిస్టు మిషనరీలు కొండల మీదికి దారి చేసుకున్నదీ ఆ చుట్టుపక్కలే. నేడు పర్లాకిమిడి కేంద్రంగా ఉన్న గజపతి జిల్లాలో 2011 జనగణన ప్రకారం క్రైస్తవులు సుమారు 38 శాతం. అదే జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి క్రైస్తవుల సంఖ్య 1.34 శాతం. మన పల్లెల్లో ప్రతి దళితవాడలోనూ ఒక మందిరం కనిపిస్తుంది కదా, మరి ఆదివారం వాటిలో కూర్చునేవారంతా లెక్కలో ఎక్కడికి పోయారు? గజపతిలో గిరిజనులే అధికులు కాబట్టి అక్కడ క్రైస్తవులమని చెప్పుకోవడానికి భయం తక్కువ. మన 1.34లో విశ్వాసం ఎంత ఉందో, భయం ఎంత ఉందో విడదీసి చెప్పగల గణాంక శాస్త్రం లేదు.

ఆ భయం ఆరాధనా జీవితంలోకి ఎలా ప్రవేశిస్తుందో బయటివారికి అంత తేలిగ్గా తెలియదు. పెళ్లి మందిరంలోనే జరుగుతుంది. కానీ 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదు చేయించరు, ఆ కాగితం రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు గనుక. నేను చూసిన చాలా సంఘాల్లో సభ్యత్వ పుస్తకంలో ఆడవాళ్ల పేర్లే ఎక్కువ. ప్రభుత్వోద్యోగంలో ఉన్న మగవాడు ముప్పై ఏళ్లుగా వెనుక వరుసలో కూర్చుంటాడు, దశమభాగం ఇస్తాడు, కంఠతా వచ్చిన కీర్తనలు పాడతాడు, బాప్తిస్మం మాత్రం పదవీ విరమణ తరువాతకు వాయిదా వేస్తాడు. ఇంట్లో కారుణ్య నియామకం కోసం ఎదురుచూసే కొడుకు ఉంటే, తండ్రి సమాధి మీద సిలువ చెక్కించాలా వద్దా అన్న మాట ఆదరణ కూడిక నాటికీ తేలదు. రాత్రివేళ యేసును కలుసుకోవడానికి వచ్చిన నీకొదేము కథ మా వాడల్లో అందరికీ తెలుసు. అతడు ఒక రాత్రి వచ్చాడు. వీళ్లకు జీవితమంతా ఆ రాత్రే.

దీనిపై పాస్టర్ల బోధ కొన్నిచోట్ల మరింత కఠినంగా ఉంటుంది. ధ్రువపత్రం తీసుకున్నవాడు కోడి కూయకముందు ప్రభువును ఎరుగనన్న పేతురు వంటివాడని వేదిక మీది నుంచి అంటారు. నాకు ఆ పోలిక ఒప్పుదల కాదు. పేతురు చలిమంట దగ్గర తన ప్రాణం కోసం బొంకాడు. ఇక్కడ తల్లిదండ్రులు పిల్లవాడి హాస్టలు సీటు కోసం మౌనంగా ఉంటున్నారు. ఆ బోధ చేసేవారు తమ సంఘంలో కులం చూసి పెళ్లి సంబంధాలు కుదర్చడం మానుకున్నారా అని కూడా అడగవలసి ఉంటుంది. గోదావరికి ఉత్తరాన బాప్టిస్టు సంఘాలు ఎక్కువగా మాలలవి, ఒంగోలు ప్రాంతంలో మాదిగలవి. ఏ మిషను ఏ వాడకు ముందు వెళ్లిందో ఆ గీత నేటికీ చెరగలేదు. తెలుగు నేల మీద ఒక దళితుడు, పూల ఆంథోనీ, కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. మందిరం లోపల కులం లేదని వాదించేవారు ఈ సంగతులను ఎక్కడ సర్దుతారో నాకు తెలియదు.

క్రైస్తవంలో కులం లేదు కనుక మతం మారినవారికి ఎస్సీ హోదా ఎందుకు అన్నది బాగా పలుకుబడి ఉన్న ప్రశ్న. సిక్కు, బౌద్ధ మతాలూ కులాన్ని నిరాకరించినవే. 1956లో అంబేడ్కర్ వెంట బౌద్ధం స్వీకరించినవారు ముప్పైనాలుగేళ్లు ఆగవలసి వచ్చినా, చివరికి మతం మారినంత మాత్రాన ఊరు వారి కులాన్ని మరచిపోలేదని పార్లమెంటు అంగీకరించింది. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపినప్పుడు తగాదా మద్దువలస జలాశయం కింది భూమి మీద. ఎవరి గోడ మీద ఏ దేవుడి పటం ఉందన్నది అక్కడ ప్రశ్నే కాలేదు.

న్యాయస్థానాలకు మాత్రం అదే మొదటి ప్రశ్న అవుతోంది. 2024 నవంబరు 26న పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఆమె బాప్తిస్మాన్నీ, క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్నీ పరిగణనలోకి తీసుకుని ఎస్సీ ధ్రువపత్రాన్ని నిరాకరించింది. కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఏళ్ల తరబడి పాస్టరుగా ఉన్న వ్యక్తి చేతిలో ఎస్సీ ధ్రువపత్రం ఉన్నప్పటికీ, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని తీర్పిచ్చింది. ఒక దళిత పాస్టరును కులం పేరెత్తి దూషించేవాడికి అతను పాస్టరన్న సంగతీ తెలుసు, అతని కులమూ తెలుసు. దూషించడానికి రెండోది చాలు. చట్టాన్ని ఆశ్రయించేటప్పుడు మాత్రం మొదటిది అడ్డం వస్తుంది.

బహిరంగంగా క్రైస్తవులమని చెప్పుకునేవారికి మన రాష్ట్రం ఏమిస్తున్నది? ఎస్సీల 15 శాతానికి బదులు బీసీ-సీ కింద 1 శాతం. 1977 నాటి జీవో 341 ద్వారా చట్టబద్ధం కాని కొన్ని రాయితీలు. ఇంటికి ఇద్దరు పిల్లలుంటే ఒకరిని రికార్డులో హిందువుగా, మరొకరిని బీసీ-సీగా చదివిస్తున్న తల్లిదండ్రులు నాకు తెలుసు. వాళ్లది కపటమనేవారు ఆ 15కూ 1కీ మధ్య దూరాన్ని ఒకసారి కొలిచి మాట్లాడాలి.

కొండ మీది పరిస్థితి పూర్తిగా నిశ్చింతగా ఉందని కాదు. మతం మారితేనే గిరిజనుడు గిరిజనుడు కాకుండా పోడని 2004లో సుప్రీంకోర్టు అన్నా, తెగ ఆచారాలతో బంధం ఉందా లేదా చూడాలన్న షరతు పెట్టింది. మృతులతో మాట్లాడే సవరల పాత ఆరాధన ఒక తరంలోనే బాప్టిస్టు ప్రార్థనకు ఎలా చోటిచ్చిందో పియర్స్ వైటెబ్‌స్కీ 2017లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తొలగించాలన్న డిమాండు 1960ల చివర్లో కార్తీక్ ఒరావ్ లేవనెత్తినది. ఇప్పుడు జనజాతి సురక్షా మంచ్ సభల్లో మళ్లీ వినిపిస్తోంది. పల్లంలో దళితుడికి విధించిన నియమాన్ని కొండకూ ఎక్కించాలన్నది దాని సారాంశం. మన గొడవ మనది కాదన్నట్లుండే గిరిజన సంఘాలు ఈ సంగతిని గమనించవలసి ఉంది.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడవ పేరాను తొలగించమన్నది. రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్‌ను వేసింది. ఆధారాలు కావాలన్నది పాత మాటే. 1985లో, మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై అనే దళిత క్రైస్తవుడు హిందూ చర్మకారులకు ఇచ్చిన ఉచిత బంకు తనకూ ఇవ్వమని అడిగినప్పుడు, మతం మారాక కూడా అదే స్థాయిలో అణచివేత కొనసాగుతోందని చూపే సమాచారం లేదని సుప్రీంకోర్టు అతని పిటిషన్ కొట్టివేసింది. సరే, సమాచారం ఇద్దాం. పాతపట్నం నుంచి ఎవరు వెళ్లి ఇవ్వాలి? నేను దళితుణ్ణి, క్రైస్తవుణ్ణి, నన్ను ఊరు ఇలా చూసింది అని సొంత పేరుతో సంతకం చేసిన కాగితమే మర్నాడు అతని ధ్రువపత్రం రద్దుకు మొదటి ఆధారమవుతుంది.