దెయ్యానికి పక్కింటి భాషే ఎందుకు? ఖరిదా నుంచి చూస్తే హాలోవీన్ సినిమాల నెల

అక్టోబర్ మొదలవగానే ఓటీటీ యాప్‌లలో గుమ్మడికాయ బొమ్మలు కనిపిస్తాయి. 'నెలంతా రోజుకో హారర్ సినిమా' అనే జాబితాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అమెరికాలో బలపడిన ఈ అలవాటు ఇప్పుడు మన కుర్రకారుకీ కొత్త కాదు.

అయితే ఆ జాబితాల్లో ఎక్కువగా ఉండేవి హాలీవుడ్ సినిమాలే. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఖరిదా లాంటి చోట కూర్చుని చూసేవాళ్లకు ఆ జాబితా సరిపోదు. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఆఫీసులో బెంగాలీ. ఒడియా ఎలాగూ చెవిన పడుతూనే ఉంటుంది. ఇన్ని భాషలు తెలిసిన ప్రేక్షకుడు నెలపాటు రకరకాల దెయ్యం సినిమాలు చూస్తే ఒక విషయం తప్పకుండా గమనిస్తాడు. సినిమాల్లో దెయ్యం చాలాసార్లు పక్కవాళ్ల భాషే మాట్లాడుతుంది.

ఎందుకిలా? దీనికి జవాబు వెతికే ముందు అసలు ఈ 'సీజన్' సంగతి చూద్దాం.

హాలోవీన్‌కూ సినిమాకూ ముడి ఎలా పడింది?

హాలోవీన్ అక్టోబర్ 31 రాత్రి. మర్నాడు, నవంబర్ 1న, క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. నవంబర్ 2 మృతుల స్మరణ దినం. అంతకు ముందు నుంచే ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల కెల్టిక్ ప్రజలకు ఇదే సమయంలో 'సావిన్' అనే పండుగ ఉండేది. పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే ఆ వేళ, చనిపోయినవాళ్లకూ బతికున్నవాళ్లకూ మధ్య తెర పలచబడుతుందని నమ్మేవారు. 19వ శతాబ్దంలో అమెరికాకు వలస వెళ్లిన ఐరిష్, స్కాటిష్ కుటుంబాలు ఈ ఆచారాలను వెంట తీసుకెళ్లాయి. స్వదేశంలో టర్నిప్ దుంపలను తొలిచి దీపం పెట్టేవాళ్లకు అక్కడ గుమ్మడికాయ దొరికింది.

ఈ పండుగ పేరుతోనే 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' తీశాడు. బడ్జెట్ సుమారు 3 లక్షల డాలర్లు. హంతకుడి ముసుగు కోసం 'స్టార్ ట్రెక్' సీరియల్‌లోని కెప్టెన్ కిర్క్ మాస్క్ కొని దానికి తెల్లరంగు పూశారు. కథ జరిగేది ఆకులు రాలే కాలంలో, షూటింగ్ జరిగింది వసంతంలో. అందుకే కాగితపు ఆకులకు రంగేసి నేల మీద చల్లి, షాట్ అవగానే ఏరుకుని మళ్లీ వాడుకున్నారు. సంగీతం కూడా కార్పెంటరే చేసుకున్నాడు. ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా సుమారు 7 కోట్ల డాలర్లు వసూలు చేసింది. హారర్ సినిమాకు అక్టోబర్ బాగా కలిసొస్తుందని పరిశ్రమకు అర్థమైంది.

అదే 1978లో మనకు విఠలాచార్య 'జగన్మోహిని' వచ్చింది. పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టి వంట చేసే దెయ్యాన్ని ఆనాటి ప్రేక్షకులు ఇప్పటికీ మరిచిపోలేదు. అక్కడ ముసుగు, ఇక్కడ మోహిని. రెండూ తక్కువ ఖర్చుతో బుర్ర ఉపయోగించి జనాన్ని జడిపించిన సినిమాలే.

మనకు ఇలాంటి సీజన్ లేదా?

ఉంది. పేరు పెట్టుకోలేదంతే.

భాద్రపద అమావాస్య మహాలయ. ఆ రోజు తెలుగువాళ్లూ బెంగాలీలూ కూడా పితృదేవతలకు తర్పణాలు వదులుతారు. మామూలు సంవత్సరాల్లో ఆ తర్వాత వచ్చే అమావాస్యే దీపావళి, బెంగాలీలకు కాళీపూజ. దాని ముందు రోజు చతుర్దశి. మనకది నరక చతుర్దశి. బెంగాలీలకు భూత్ చతుర్దశి. ఆ సాయంత్రం వాళ్లు పద్నాలుగు తరాల పూర్వీకుల పేరిట పద్నాలుగు దీపాలు పెడతారు, పద్నాలుగు రకాల ఆకుకూరలు వండుకుంటారు. కోస్తాంధ్ర పల్లెల్లో దీపావళి సాయంత్రం పిల్లలు గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి దివిటీలు కొడతారు. పితృదేవతలు తిరిగి వెళ్లే దారికి అది వెలుగు అని పెద్దలు చెబుతారు.

అంటే ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా నెల రోజులు పోయినవాళ్లను తలచుకునే కాలమే. 2024లో మహాలయ అక్టోబర్ 2న, దీపావళి అక్టోబర్ 31న వచ్చాయి. మన నెలా హాలోవీన్ నెలా దాదాపు అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

కాబట్టి ఖరిదాలో ఎవరైనా ఈ నెలలో దెయ్యం సినిమాలు చూస్తుంటే, అది పూర్తిగా అరువు తెచ్చుకున్న సరదా అనుకోనక్కర్లేదు.

ఖరిదాకు ఇందులో ప్రత్యేకత ఏమిటి?

19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రాకతో ఖరగ్‌పూర్ రూపురేఖలు మారాయి. స్టేషన్, వర్క్‌షాప్, రైల్వే క్వార్టర్ల చుట్టూ ఊరు పెరిగింది. పని కోసం నలుమూలల నుంచీ జనం వచ్చారు. అందులో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇలా అన్ని ప్రాంతాలవాళ్లూ ఉండటంతో ఈ ఊరిని 'మినీ ఇండియా' అంటారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఇక్కడి తెలుగు జనాభా ప్రధాన కారణం.

అలాంటి చోట 'పక్కింటి భాష' అన్నది పుస్తకంలో మాట కాదు. గోడ అవతల నిజంగా వినిపిస్తుంది. దెయ్యం సినిమా ఆ భాషతో ఏం చేస్తుందో ఇక్కడివాళ్లకు తెలిసినంతగా ఒకే భాష ఊళ్లలో తెలియదు.

ఒకే కథ, మారిన భాష

1993లో ఫాజిల్ మలయాళంలో 'మణిచిత్రతాళు' తీశారు. పాత భవనం, తాళం వేసిన గది, అందులో హత్యకు గురైన నర్తకి కథ. కొత్త కోడలు ఆ నర్తకి తానే అనుకోవడం మొదలుపెడుతుంది. ఈ కథ కన్నడంలో 'ఆప్తమిత్ర'గా 2004లో, తమిళంలో 'చంద్రముఖి'గా 2005లో, హిందీలో 'భూల్ భులయ్యా'గా 2007లో వచ్చింది. బెంగాలీలోనూ 2005లో 'రాజ్‌మహల్' పేరుతో తీశారు.

ఇప్పుడు ఆ నర్తకి ఏ భాష మాట్లాడిందో చూడండి.

మలయాళంలో ఆమె తంజావూరు నుంచి వచ్చిన తమిళ స్త్రీ. కన్నడంలో తెలుగు మాట్లాడుతుంది. తమిళంలోనూ తెలుగు నర్తకే. మనం తెలుగు డబ్బింగ్‌లో చూసిన 'చంద్రముఖి'లో మాత్రం తమిళంలో పాడుతుంది. హిందీకి వచ్చేసరికి బెంగాలీ నర్తకి మంజులిక అయిపోయింది. 2024 దీపావళికి విడుదలైన 'భూల్ భులయ్యా 3' అయితే కథనే బెంగాల్‌కు తీసుకెళ్లింది.

భవనం, గది, హత్య అన్నీ దాదాపు అవే. మారింది భాష ఒక్కటే. ప్రతి దర్శకుడూ తన ప్రేక్షకులకు కొంచెం అర్థమై కొంచెం అర్థం కాని భాషను ఎంచుకున్నాడు. పూర్తిగా తెలియని భాష అయితే అది వట్టి శబ్దం. పూర్తిగా తెలిసినదైతే భయం లేదు. సగం తెలిసిన గొంతు మన ఇంటి మనిషి నోట వస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

దీనికి మరో కోణం ఉంది. ఆ నర్తకి బతుకుతెరువు కోసం పరాయి ప్రాంతానికి వచ్చిన మనిషి. అక్కడి దొర చేతిలో అన్యాయమైపోయింది. సినిమా మనల్ని ఆమెను చూసి భయపడమంటుంది, కానీ తప్పు చేసింది ఆమె కాదు. పొట్ట చేత పట్టుకుని వేరే రాష్ట్రానికి వచ్చిన తాతల సంతతి ఈ కథను చూసినప్పుడు, ఆ గదిలో ఉన్నది ఎవరో పరాయిది అని అంత తేలిగ్గా అనుకోలేదు.

మాంత్రికుడు ఎప్పుడూ పొరుగూరివాడే

ఇది ఒక్క కథకే పరిమితం కాదు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు పాత్ర పేరే నేపాళ మాంత్రికుడు. తెలుగు పల్లెల్లో 'మలయాళ మాంత్రికుడు' అనే మాట వాడుకలో ఉంది. హిందీ ప్రాంతాల్లో వశీకరణం పేరుతో గోడలకు అంటించే కాగితాల మీద కనిపించేది 'బంగాలీ బాబా'. అందరి లెక్కలోనూ క్షుద్రవిద్య సరిహద్దు అవతలే ఉంటుంది. 

పాశ్చాత్య సినిమా కూడా అక్కడే మొదలైంది. 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు'లో రక్తపిశాచి తూర్పు నుంచి ఓడలో వస్తాడు, వెంట ఎలుకలనూ మహమ్మారినీ తెస్తాడు. పరాయివాడు, రోగం, చావు ఒకే పెట్టెలో దిగుతాయి.

'హాలోవీన్' గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. అందులో హంతకుడు ఎక్కడి నుంచో రాలేదు. ఆ వీధిలోనే, మధ్యతరగతి ఇంట్లో పుట్టిన పిల్లాడు. ఆరేళ్ల వయసులో సొంత అక్కను చంపాడు, పదిహేనేళ్లకు తిరిగి వచ్చాడు. భయాన్ని పొలిమేర అవతలి నుంచి తెచ్చి సొంత గుమ్మంలో నిలబెట్టింది ఆ సినిమా.

దానికి పదేళ్ల ముందే, 1968లో, జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' ఇంకా కఠినమైన మాట చెప్పాడు. రాత్రంతా శవాల గుంపుతో పోరాడి బతికిన నల్లజాతి కథానాయకుణ్ణి, తెల్లవారాక సాయానికి వచ్చిన మనుషులే శవం అనుకుని కాల్చేస్తారు. పరాయివాడిలో దెయ్యాన్ని చూసే అలవాటు చివరికి ఎక్కడికి తీసుకెళ్తుందో ఆ ఒక్క తుపాకీ దెబ్బ చెబుతుంది.

తెర దాటితే

ఇది సినిమా గొడవే అయితే ఇంత ఆలోచించక్కర్లేదు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి. ఖరగ్‌పూర్‌కు పొరుగున ఉన్న జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో మంత్రగత్తె ముద్ర వేసి హింసించడాన్ని అరికట్టేందుకు ప్రత్యేక చట్టాలు చేసుకోవాల్సి వచ్చింది. జాతీయ నేర గణాంకాల్లో హత్యకు కారణాల పట్టికలో 'క్షుద్రవిద్య' ఇప్పటికీ ఒక గడి. అనుమానం ఎక్కువగా పడేది ఒంటరి ఆడవాళ్ల మీద, తోడు లేని వృద్ధుల మీద.

ఈ మధ్య తెలుగు హారర్‌ను ఈ దృష్టితో చూడొచ్చు. 2023 నాటి 'విరూపాక్ష' చేతబడి అనుమానంతో ఊరివాళ్లు ఒక జంటను చంపడంతో మొదలవుతుంది. 2022 నాటి 'మసూద'లో దెయ్యమూ, దాన్ని వదిలించడానికి వచ్చే పెద్దమనిషీ ఇద్దరూ ముస్లింలే. 2021 నాటి 'మా ఊరి పొలిమేర' పేరులోనే సరిహద్దు ఉంది. ఇవి అనుమానాన్ని ప్రశ్నిస్తున్నాయా, దానికి నూనె పోస్తున్నాయా? మూడింటికీ జవాబు ఒకటి కాదు. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

బెంగాలీ దెయ్యాలతో కలిసి కూర్చుంటే

బెంగాలీ కథల్లో దెయ్యాలకు కులం, వృత్తి, చిరునామా ఉంటాయి. మారేడు చెట్టు మీద బ్రహ్మదైత్యుడు, శంఖం గాజులు వేసుకున్న శాక్‌చున్నీ, చేపల కోసం వెంటపడే మెఛో భూత్. భయం కన్నా ఇరుగుపొరుగు పేచీ ఎక్కువ. 1969లో సత్యజిత్ రాయ్ 'గూపీ గాయిన్ బాఘా బాయిన్'లో భూతాల రాజు వరాలిస్తాడు. ఆ రాజు గొంతు రాయ్‌దే.

2012లో అనీక్ దత్తా తీసిన 'భూతేర్ భవిష్యత్' ఈ నెలకు తప్పనిసరి. పాత భవంతిలో జమీందారు, తెల్లదొర, నవాబుల కాలపు వంటవాడు, బిహారీ రిక్షా కార్మికుడు, తూర్పు బెంగాల్ శరణార్థి అందరూ దెయ్యాలై కలిసి కాపురం ఉంటారు. వాళ్లకు అసలు ముప్పు భవంతిని కూలగొట్టాలనుకునే బిల్డర్. భాష వేరైన దెయ్యాలు ఒకే కప్పు కింద సర్దుకుని బతకడం చూస్తే ఖరిదావాళ్లకు నవ్వు ఇంకో రకంగా వస్తుంది.

నెలను ఎలా పంచుకోవాలి?

రోజుకో సినిమా అక్కర్లేదు. వారానికి రెండు చాలు.

మొదటి వారం పిల్లలతో కలిసి 'గూపీ గాయిన్', మెక్సికో వాళ్ల మృతుల పండుగ మీద వచ్చిన 2017 నాటి 'కోకో'. రెండో వారం పాతవి: 'పాతాళభైరవి', 'నోస్ఫెరాటు'. మూడో వారం 'మణిచిత్రతాళు', దాని పక్కనే 'చంద్రముఖి' గానీ 'భూల్ భులయ్యా' గానీ. చివరి వారం పెద్దలకు మాత్రమే: 'హాలోవీన్', 'విరూపాక్ష'. చతుర్దశి రాత్రికి 'భూతేర్ భవిష్యత్'.

రెండు జాగ్రత్తలు. ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో మారుతుంటుంది కాబట్టి ముందే చూసుకోండి. కాపీరైట్ ప్రకటన వేయడం మరిచిపోవడంతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అమెరికాలో మొదటి నుంచీ అందరి సొత్తయింది, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇక పిల్లలుంటే సర్టిఫికెట్ గమనించండి. 2024 చివరి నుంచి యూ/ఏను 7, 13, 16 ఏళ్లు దాటినవారికి అని మూడుగా విడగొట్టారు.

డబ్బింగ్ కన్నా సబ్‌టైటిళ్లతో చూడటం మేలు. డబ్ చేసినప్పుడు ముందు పోయేది దెయ్యం భాషే. ఆ భాష ఎవరిదో, ఆ సినిమా దాన్నే ఎందుకు ఎంచుకుందో ఇంట్లో ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడుకోండి. గోడ అవతల అదే భాష మాట్లాడే కుటుంబం ఉంటే వాళ్లనూ పిలవండి. అర్థం కాని మాటలకు అర్థం వాళ్లే చెబుతారు.