కారు నిలిపినందుకు కోర్టు కాగితం

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడని మన పెద్దలు చెప్పేవారు. ఆ మాట విని పెరిగిన మన పిల్లలు ఎందరో నేడు ఇంగ్లండులో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అక్కడ ఒక అంగడి ముందరి స్థలంలో కారు నిలిపి కొంచెం ఆలస్యంగా వచ్చినందుకు, కొన్ని నెలల తరువాత ఒకనాడు కోర్టు కాగితం వస్తుంది. బెదరిపోయి అడిగినదంతా కట్టేవారు కొందరు. ఎవరో బెదిరిస్తున్నారులే అని బల్లసొరుగులో పడవేసేవారు కొందరు. ఈ రెండూ మేలైన దారులు కావు. ఆ కాగితానికి గడువులోగా జవాబు వ్రాయడమే చేయవలసిన పని. అది ఎట్లా వ్రాయాలో తెలుసుకుంటే సగం భయం పోతుంది.

ముందుగా ఒక భేదం గ్రహించాలి. వీథిలో తప్పుగా కారు నిలిపితే పురపాలకవారు వేసేది జుల్మానా. దాని దారి వేరు, దానిని విచారించే ట్రిబ్యూనలు వేరు. అంగడి, ఆసుపత్రి, వాటాల ఇండ్ల ఆవరణ వంటి ప్రైవేటు స్థలాలలో కంపెనీలు వేసేది జుల్మానా కాదు. “బోర్డు మీద వ్రాసిన షరతులకు ఒప్పుకొని కారు నిలిపావు, షరతు తప్పావు కనుక ఇంత చెల్లించు” అని ఒడంబడిక పేరున అడిగే సొమ్ము అది. అది సివిలు వ్యవహారం, నేరం కాదు.

పూర్వం ఇటువంటి చోట్ల కారు చక్రానికి ఇనుప బిగింపు వేసి, డబ్బు ముట్టినదాకా వదిలేవారు కారు. 2012 అక్టోబరు 1 నుండి ఇంగ్లండులోను, వేల్సులోను ఆ పని నిషిద్ధమైనది. దానికి బదులుగా ఆ 2012 చట్టమే కంపెనీలకు ఒక హక్కు ఇచ్చింది. కారు నడిపినది ఎవరో తెలియకపోయినా, చట్టంలోని నిబంధనలన్నీ పాటిస్తే, ఎవరి పేరున కారు నమోదైనదో వారినే అడగవచ్చును. ఆ పేరు, చిరునామా డి.వి.ఎల్.ఏ. అనే వాహనాల శాఖనుండి కంపెనీకి లభిస్తాయి. స్కాట్లండుకు ఈ ఏర్పాటు వర్తించదు. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండు, వేల్సుల సంగతే.

సాధారణంగా అడిగేది 100 పౌన్ల వరకు. పదునాలుగు రోజులలో కడితే నలభై శాతం తగ్గిస్తారు. కట్టకపోతే వసూలు ఖర్చు అని 70 పౌన్లు చేరుస్తారు. అప్పుల వసూలు కంపెనీలు ఎర్రక్షరాలతో ఉత్తరాలు వ్రాస్తాయి. వారు కోర్టు అమీనాలు కారు, వస్తువులు ఎత్తుకుపోయే అధికారం వారికి లేదు. పిమ్మట దావాకు ముందు ఇచ్చే నోటీసు వస్తుంది. దానికి జవాబివ్వడానికి ముప్పది రోజులు ఉంటాయి. అప్పటికీ తెగకపోతే నార్తాంప్టనులోని కోర్టు కేంద్రం నుండి అసలు దావా కాగితం వస్తుంది. దానిలో కోర్టు ఫీజు 35 పౌన్లు, ప్లీడరు ఖర్చు 50 పౌన్లు, పైన వడ్డీ కలుస్తాయి. వంద కాస్తా రెండువందల యాభై దాటుతుంది.

ఇక్కడినుండి రోజులు లెక్కపెట్టుకోవాలి. కాగితం మీది తేదీ జూన్ 1 అనుకోండి. అయిదు రోజులు కలిపి, జూన్ 6న అందినట్టు భావిస్తారు. ఆ తరువాత పదునాలుగు రోజులలో, అనగా జూన్ 20 లోపల, “దావా అందినది, పూర్తిగా ఎదిరిస్తాను” అని తెలియజేయాలి. దానితోపాటు వచ్చిన ఫారముమీద గాని, కాగితం మీద ఇచ్చిన సంకేతపదంతో కంప్యూటరు ద్వారా గాని ఈ పని చేయవచ్చును. అట్లా తెలిపినవారికి జవాబుదావా వేయడానికి, అందిన దినం నుండి ఇరువది ఎనిమిది రోజులు, అనగా జూలై 4 దాకా గడువు వస్తుంది. చివరి రోజు వరకు ఆగకూడదు. పంపినదానికి రుజువు దాచుకోవాలి.

జవాబు లేకపోతే ఏమవుతుంది? మౌనం అర్ధాంగీకారం అని మనవారు అంటారు. ఆ కోర్టులో మౌనం పూర్ణాంగీకారమే. కంపెనీ కోరగానే ఏకపక్షంగా తీర్పు వస్తుంది. కారు ఎంతసేపు నిలిచినదని గాని, బోర్డు కనబడినదా అని గాని ఎవరూ విచారించరు. తీర్పు వచ్చిన నెల లోపల మొత్తం చెల్లిస్తే పద్దు కొట్టివేస్తారు. లేకపోతే అది ఆరేండ్లు తీర్పుల రిజిస్టరులో నిలుస్తుంది. ఇల్లు కొనడానికి అప్పు అడిగినా, అద్దెకు ఇల్లు అడిగినా, ఆ పద్దు అడ్డు వచ్చి నిలబడుతుంది.

మన పిల్లలకు అసలు ప్రమాదం చిరునామాలో ఉన్నది. ఏడాదికొక గది మారుతారు, కారు కాగితంలో మాత్రం పాత గది చిరునామాయే ఉంటుంది. నోటీసులు, దావా, తీర్పు అన్నీ ఆ పాత గుమ్మంలోనే పడతాయి. ఎప్పుడో బ్యాంకువారు అప్పు లేదన్నప్పుడు గాని సంగతి బయటపడదు. అప్పుడైనా తీర్పును రద్దు చేయమని దరఖాస్తు పెట్టవచ్చును గాని, ఆలస్యం చేయరాదు, ఫీజు సుమారు మూడువందల పౌన్లు. చిరునామా మార్పు వాహనాల శాఖకు తెలుపడానికి మాత్రం కాణీ ఖర్చు లేదు.

ఇక జవాబుదావాలో ఏమి వ్రాయాలి? “ఇంత జుల్మానా అన్యాయం” అని వ్రాసి ఊరుకుంటే లాభం లేదు. చెల్మ్స్‌ఫర్డులో ఒక అంగళ్ళ ఆవరణలో రెండు గంటల ఉచిత గడువు దాటి 56 నిమిషాలు కారు ఉంచినందుకు అడిగిన 85 పౌన్లు చెల్లుతాయని, 2015 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు బీవిస్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ఎవరూ స్థలాన్ని దినమంతా ఆక్రమించకుండా చూడడం న్యాయమైన ప్రయోజనమేనన్నది. అయితే అక్కడ బోర్డులు పెద్దవిగా, చాలా చోట్ల, స్పష్టంగా ఉన్నాయి. మీ సంగతిలో బోర్డు చెట్టు చాటున ఉన్నదా? రాత్రి దీపం లేదా? అక్షరాలు కంటికి ఆనవా? అవి వ్రాయండి, ఛాయాచిత్రాలు తీసి ఉంచండి.

రెండవది నోటీసు తేదీ. కారుమీద చీటీ అంటించక, కెమెరా చూచి పంపిన నోటీసు అయితే, పదునాలుగు రోజులలోపల కారు యజమానికి అందాలి. అందకపోతే ఆ 2012 చట్టం కింద యజమానిని పట్టుకోలేరు, నడిపినవారినే అడగాలి. మూడవది మొత్తం. యజమాని మీద ఆ చట్టం కింద నోటీసులో అడిగినదానికి మించి పడదు కనుక, తరువాత చేర్చిన 70 పౌన్లను ప్రశ్నించవచ్చును. డబ్బు కట్టిన రసీదు, కారు చెడిపోయినదానికి రుజువు, ఆవరణలో ఉండేవారైతే ఇంటి అద్దె పత్రం కూడా పనికివస్తాయి. అన్నిటికంటె ముఖ్యం ఒకటి. జవాబు చివర “ఇది నిజం” అని సంతకం పెట్టాలి. అబద్ధం వ్రాస్తే అది కోర్టు ధిక్కారమై, చిన్న వ్యవహారం పెద్దదవుతుంది.

తరువాతి దారి అంత భయంకరం కాదు. రెండువైపులకు ఒక ప్రశ్నావళి వస్తుంది. 2024 మే 22 నుండి ఇటువంటి చిన్న దావాలలో టెలిఫోను మీద ఒక గంట ఉచితంగా రాజీ ప్రయత్నం జరిపే ఏర్పాటు వచ్చింది. అందులో పాల్గొనాలి గాని, రాజీపడి తీరాలని లేదు. కుదరకపోతే ప్రతివాది ఊరికి దగ్గరి కోర్టులో విచారణ. ప్లీడరు అవసరం లేదు, తన మాట తానే చెప్పుకోవచ్చును. పదివేల పౌన్ల లోపలి దావాలలో ఓడినవారిమీద ఎదుటి ప్లీడరు ఫీజులన్నీ మామూలుగా పడవు. ఓడినా నెల లోపల చెల్లిస్తే రిజిస్టరులో మచ్చ ఉండదు. కనుక ఇక్కడ గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడవవలసిన పని లేదు.

నిజంగా బాకీ ఉంటే ఎదిరించడం గొప్పతనం కాదు. ఒప్పుకొని కట్టడమే మంచిది. కొంతే బాకీ అయితే, ఇంతవరకు ఒప్పుకుంటున్నానని ఫారములోనే వ్రాయవచ్చును. ఏ పని చేసినా గడువులోగా చేయాలి.

పరభాషలో వచ్చిన సర్కారు కాగితం మన కుటుంబాలకు కొత్త కాదు. కన్నడంలో, తమిళంలో, ఒరియాలో, మరాఠీలో వచ్చిన నోటీసులను, యానాంలోనైతే ఫ్రెంచిలో వచ్చినవాటిని చదివించుకొని, అర్థం చేసుకొని, తేదీ తప్పక జవాబిచ్చి మన తాతలు నేలను, ఇంటిని నిలుపుకున్నారు. ఈసారి పిల్లలతో టెలిఫోనులో మాటాడినప్పుడు, భోజనం చేశావా అని అడిగిన తరువాత, “కారు కాగితంలో ఇప్పటి చిరునామాయే ఉన్నదా నాయనా?” అని కూడా అడగండి.