చుక్క రాలింది... ఎటువైపు?

ఆకాశంలో ఉన్నట్టుండి పెద్ద వెలుగు. రెండు మూడు సెకన్లలో మాయం! 'చుక్క రాలింది' అనుకుని మర్చిపోతాం. కానీ వేర్వేరు ఊళ్లవాళ్లు దాన్ని ఏ దిక్కున, ఎంత ఎత్తులో చూశారో సరిగ్గా చెప్పగలిగితే... ఆ రాయి ఎక్కడ పడిందో వెతికి పట్టుకోవచ్చు.

శుక్రగ్రహం కన్నా ఎక్కువ కాంతితో వెలిగే ఉల్కల్ని అగ్నిగోళాలంటారు. 2021 ఫిబ్రవరి 28న రాత్రి పదింటికి కాస్త ముందు బ్రిటన్‌లో అలాంటిదే కనిపించింది. వెయ్యిమందికి పైగా తాము చూసింది రాసి పంపారు. ఆకాశాన్ని గమనించే కెమెరాలకీ, ఇళ్ల గుమ్మాల దగ్గరి కెమెరాలకీ అది చిక్కింది. వాటన్నిటినీ పోల్చి, అది వచ్చిన దారిని లెక్కగట్టారు శాస్త్రవేత్తలు. గ్లోస్టర్‌షైర్‌లో రాళ్లు పడి ఉండొచ్చని ప్రకటించారు. అక్కడి వించ్‌కూంబ్‌లో ఓ కుటుంబానికి తెల్లారేసరికి ఇంటిముందు నల్లటి పొడి, ముక్కలు కనిపించాయి. చుట్టుపక్కలా వెతికితే మొత్తం అరకిలోకు పైనే దొరికింది. సౌరకుటుంబం పుట్టిననాటి పదార్థమది. అందులోని నీరు భూమ్మీది నీటిని పోలి ఉందని పరీక్షల్లో తేలింది. త్వరగా ఏరి భద్రపరచడంవల్లే అది సాధ్యమైంది.

అయితే, ప్రతి వెలుగూ ఉల్క కాదు. 2022 ఏప్రిల్ 2న సాయంత్రం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో ఆకాశంలో నిప్పుల వరస కనిపిస్తే చాలామంది ఉల్కలే అనుకున్నారు. ఆ రాత్రే ఆసిఫాబాద్ పొరుగునున్న చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు చక్రం దొరికింది. చైనా రాకెట్ శకలమై ఉంటుందని నిపుణుల అంచనా. ఉల్క సాధారణంగా కొద్ది సెకన్లే వెలుగుతుంది. రాకెట్ ముక్కలు నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటిగా నిమిషంపాటైనా సాగుతాయి.

మీకు కనిపిస్తే...

* వెంటనే టైము చూసుకోండి. ఎన్ని సెకన్లు వెలిగిందో రాసుకోండి.

* ఏ చెట్టు మీదుగా వచ్చి ఏ డాబా వెనక మాయమైందో గుర్తుపెట్టుకోండి.

* చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తో లెక్కపెట్టండి.

* కొన్ని నిమిషాలు చెవొగ్గండి. ఉరుములాంటి శబ్దం వెలుగు తర్వాత ఆలస్యంగా వస్తుంది.

* 'పక్కూళ్లోనే పడింది' అనుకోకండి. అది వందల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు.

ఈ వివరాల్ని అంతర్జాతీయ ఉల్కల సంస్థ వెబ్‌సైట్లోని ఫారంలో నింపొచ్చు. రాయి దొరికితే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, అయస్కాంతంతో పరీక్షించొద్దు. ఫొటో తీసి, శుభ్రమైన కవర్లో ఉంచండి. మనదేశంలో పడిన ఉల్కాశకలాల్ని భద్రపరిచేది భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ. వాళ్లకు తెలియజేస్తే అది అసలైనదో కాదో పరీక్షించి చెబుతారు.