శ్రీగంధం ఎవరి పంట?

శ్రీగంధం ఒంటరిగా బతకదు. పక్క మొక్క వేళ్లను పట్టి సారం లాగుతుంది. అందుకే దాని పక్కన కంది, సరుగుడు పెంచాలి. 1792లో మైసూరులో టిప్పు సుల్తాన్ దాన్ని రాజవృక్షం చేశాడు. అప్పటినుంచి రైతు చేలో మొలిచినా చెట్టు సర్కారుదే. 2001లో కర్ణాటక చట్టం సవరించి భూమి యజమానికి హక్కిచ్చింది. మంచిదే! మరి కౌలు రైతు సంగతేమిటి? చేవ పట్టడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. ఏడాది కౌలుకు దున్నేవాడు అన్నేళ్లు ఎలా ఆగుతాడు? చేనంతా చెట్లయితే కూలీలకు కలుపూ కోతా ఎక్కడివి? చెట్టు వద్దని మేమనడం లేదు. సన్నకారు రైతులు గట్ల మీద నాటుకోండి, చేలో తిండిపంట వదలకండి. అప్పు చేసి ఎకరాలకెకరాలు నాటకండి. కౌలుదారుకు చెట్టులో రాతపూర్వకమైన వాటా కోసం అందరం కలిసి అడుగుదాం.