ఫీజు, వ్యాన్, టిఫిన్ కాకుండా ఇంకేం మాట్లాడుకున్నారు?



పోయిన నెల సిక్స్త్ క్లాస్ పిల్లలకు ఇంగ్లీషులో డైలాగ్ రైటింగ్ ఇచ్చాను. రాత్రి భోజనాల దగ్గర అమ్మానాన్నలు మాట్లాడుకునే మాటలు రాయమన్నాను. నోట్‌బుక్స్ దిద్దుతుంటే దాదాపు అన్నింట్లోనూ ఒకటే వరస. టర్మ్ ఫీజు కట్టారా, వ్యాన్ ఎందుకు లేటయింది, గ్యాస్ బుక్ చేశావా, యూనిట్ టెస్టులో ఎన్నొచ్చాయి. ఒక బాబు రెండు లైన్లు రాసి, 'తర్వాత ఇద్దరూ ఫోన్లు చూసుకుంటారు' అని ముగించాడు. గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. మార్కులు వేయడానికి మాత్రం నాకు చేయి రాలేదు.

నాకు పెళ్లయి రెండేళ్లే, మీకు చెప్పేంతదాన్ని కాదు. అయితే బీఈడీ రోజుల నుంచి సైకాలజీ చదివే అలవాటుంది. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ గాట్‌మన్ కొత్తగా పెళ్లైన జంటలను అపార్ట్‌మెంట్ లాంటి ల్యాబ్‌లో ఉంచి గమనించారు. ఆరేళ్ల తర్వాత ఎవరు కలిసున్నారో, ఎవరు విడిపోయారో చూశారు. తేడా కనిపించింది చిన్న చిన్న పలకరింపుల దగ్గర. కలిసున్నవాళ్లు అలాంటి పలకరింపులకు నూటికి 86 సార్లు బదులిచ్చారు, విడిపోయినవాళ్లు 33 సార్లే.

పలకరింపు అంటే పెద్ద విషయమేమీ కాదు. 'ఏమండీ, ఇటు చూడండి, వాన పడేలా ఉంది' అన్నా పలకరింపే. దానికి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా 'ఊఁ' అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. కిటికీ దగ్గరికి వచ్చి 'బట్టలు తీశావా, పద ఇద్దరం వెళ్దాం' అంటే మేడ మీద పది నిమిషాలు దొరుకుతాయి. అత్తమామలు, పిల్లలతో నిండిన ఇంట్లో ఆ పది నిమిషాలు తక్కువేం కాదు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. 'ఆఫీసు ఎలా ఉంది?' అంటే 'బానే ఉంది' అనే వస్తుంది. క్లాసులో మాకూ ఇదే తంటా! 'అర్థమైందా?' అంటే అందరూ 'ఎస్ మేడమ్' అంటారు. అందుకని 'ఇవాళ ఎక్కడ చిరాకేసింది?' అని అడిగి చూడండి. చెప్పడం మొదలుపెట్టగానే 'నువ్వలా చేయాల్సింది కాదు' అని తీర్పు ఇవ్వకండి. నేనూ ఇక్కడే తప్పుతుంటాను, టీచర్ బుద్ధి కదా. ముందు పూర్తిగా విని, 'నన్నేమైనా చేయమంటావా, ఊరికే వినమంటావా?' అని అడగడం ఈమధ్యే నేర్చుకున్నాను.

సెకండ్ టర్మ్‌లో అదే డైలాగ్ మళ్లీ రాయిస్తున్నాను.