ఊరు మారితే ఆపరేషన్ మారుతుందా?

1960ల చివర్లో జాన్ వెన్‌బర్గ్ అనే డాక్టరుకు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఓ ప్రభుత్వ పథకం పని అప్పజెప్పారు. వైద్యం సరిగా అందని ఊళ్లేవో లెక్కతీసి చూపించాలి. కొరత కోసం వెతుకుతుంటే ఆయనకు ఇంకో సంగతి బయటపడింది.

గణాంకవేత్త అలన్ గిటెల్‌సన్‌తో కలిసి ఆయన రాష్ట్రాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టారు. సర్కారు గీసిన సరిహద్దుల ప్రకారం కాదు, జబ్బు చేస్తే జనం ఏ ఆసుపత్రికి పోతారన్నదాన్ని బట్టి. ముసలివాళ్లు ఎక్కువున్నచోట ఆపరేషన్లూ ఎక్కువే ఉంటాయి గనక, అన్నిచోట్లా వయసుల పొందిక ఒకేలా ఉంటే ఎన్ని జరిగేవో సవరించి చూశారు. అయినా తేడా పోలేదు. టాన్సిల్స్ ఆపరేషన్లు ఏడాదికి పదివేల మందిలో ఒకచోట 13, మరోచోట 151. అదే రాష్ట్రం, అదే చలి, ఇంచుమించు అదే రకం జనం. కొన్ని మైళ్లు పోయేసరికి పిల్లల గొంతులు పదకొండు రెట్లు చెడిపోతాయా?

పేరున్న వైద్య పత్రికలు ఆ వ్యాసాన్ని వెనక్కి పంపాయి. చివరికి 1973లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఇదే అంకెలను వెర్మాంట్ డాక్టర్ల ముందు పెడితే మాత్రం వాళ్లలో చాలామంది ఆలోచనలో పడ్డారు. కొన్నేళ్లలోనే రాష్ట్రంలో టాన్సిల్స్ ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి. కొత్త చట్టం రాలేదు, జరిమానాలు లేవు. పక్కవాళ్లు ఎన్ని చేస్తున్నారో అంతకుముందు ఎవరికీ తెలియదు, అంతే.

తర్వాత మెయిన్ రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్ల లెక్క తీశారు. ఒక పట్టణంలో అప్పటి జోరే కొనసాగితే 75 ఏళ్లు వచ్చేసరికి ఆడవాళ్లలో 70 శాతానికి గర్భసంచి ఉండదు. ఇరవై మైళ్ల దూరమైనా లేని ఇంకో పట్టణంలో అది 25 శాతం.

గర్భసంచి మాట వచ్చింది గనక మన లెక్క కూడా చూడాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అస్సాంలో ఒక శాతం కూడా లేరు. దేశంలో ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. ఎందుకు తీయించుకున్నారని అడిగితే సగానికి పైగా చెప్పింది అధిక రక్తస్రావం, నొప్పి. ఇంత తేడాను ఒక్క రోగంతో సర్దిచెప్పడం కష్టమని నా అభిప్రాయం. అలాగని డాక్టర్ల డబ్బాశ అని తేల్చేయడమూ తొందరపాటే. చిన్న వయసులో పెళ్లి, ఇరవై అయిదు దాటకుండానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఆ తర్వాత 'ఇక దాంతో పనేముంది' అనే ఇంటి మాట, ఇవన్నీ రోగి వైపు నుంచి వచ్చేవే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వైద్యం మామూలు సరుకు కాదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే రాశారు. ఎంత కొనాలో కొనేవాడికి తెలియదు, అమ్మేవాడే చెప్పాలి. మరి ఖర్చు ఎక్కువున్నచోట దానికి కారణం డాక్టర్ల అలవాటా, రోగుల అవసరమా? సగటు అంకె ఎంతసేపు చూసినా ఈ రెండూ విడిపోవు.

ఆర్థికవేత్తలు ఎమీ ఫిన్కెల్‌స్టీన్, మాథ్యూ జెంట్‌స్కో, హైడీ విలియమ్స్ దీనికో ఉపాయం కనిపెట్టారు. అమెరికాలో 65 దాటినవాళ్ల బిల్లులు చాలామట్టుకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమాలో నమోదవుతాయి. ఆ వృద్ధుల్లో ఊరు మారినవాళ్లను ఏరి, అటూ ఇటూ వాళ్ల వైద్యం లెక్క చూశారు. తేడా అంతా రోగిదే అయితే ఊరు మారినా ఖర్చు మారకూడదు. అంతా స్థలానిదే అయితే కొత్త ఊరి స్థాయికి చటుక్కున చేరిపోవాలి. నిజానికి సగందాకా మారింది. 2016లో అచ్చయిన ఆ అధ్యయనం తేడాలో 40 నుంచి 50 శాతం రోగులదేనని, మిగతాది స్థలానిదని తేల్చింది. తేడా డాక్టర్ల అలవాటుదేనన్న వెన్‌బర్గ్ అనుమానం పూర్తిగా నిలవలేదు, పూర్తిగా పోనూలేదు.

ఎక్కువ ఖర్చయితే మంచి వైద్యమా అన్నదానికీ ఇలాంటి తిరకాసే. జబ్బు ముదిరినవాళ్లు పెద్ద ఆసుపత్రులకు పోతారు గనక అక్కడ చావులు ఎక్కువ కనిపించవచ్చు, దాన్నిబట్టి ఆసుపత్రిని తిట్టలేం. ఆర్థికవేత్త జోసెఫ్ డాయిల్ బృందం అందుకని అంబులెన్సులను పట్టుకుంది. అత్యవసరంలో ఏ కంపెనీ బండి వస్తుందో రోగి చేతిలో ఉండదు, ఆ కంపెనీకి అలవాటైన ఆసుపత్రికే తీసుకుపోతుంది. ఇంచుమించు చీటీ తీసినట్టే. అలా చూస్తే ఖర్చెక్కువ పెట్టే ఆసుపత్రులకు చేరినవాళ్లు ఎక్కువమంది బతికారు. ఎక్కువ ఖర్చు పెట్టే ప్రాంతాల్లో ఫలితాలేమీ మెరుగ్గా లేవన్న పాత అధ్యయనాలకు ఇది ఎదురు. ఖర్చంతా వృథా అనేవాళ్లు దీన్ని తప్పక చదవాలి.

ఇలాంటి పరీక్షలకు మనిషి వెంట నడిచే రికార్డు కావాలి. మన దగ్గర చాలామంది వైద్యం జేబులోంచే, కాగితాలు ఇంట్లో ప్లాస్టిక్ కవర్లో. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం వల్ల ఒక వీలు కలిగింది: పథకం కింద జరిగే ఆపరేషన్ల అనుమతులు, బిల్లులు కంప్యూటర్లలోకి చేరాయి. ఏ మండలంలో ఏ ఆపరేషన్ ఎన్నిసార్లు జరిగిందో చూడటానికి వెన్‌బర్గ్ దగ్గరున్న సరంజామాకు ఇదేమీ తీసిపోదు. సొంత డబ్బుతో ప్రైవేటులో చేయించుకున్నవి మాత్రం అందులోకి రావు.